ఎర్రబడ్డ ఊటీ

తణుకు నుంచి ఒక పాఠకురాలు పెద్ద కవరు పంపారు. లోపల రెండు ఫొటోలు, ఒక ఉత్తరం. మొదటిది 1978 వేసవిలో జరిగిన పెళ్ళి ఫొటో, నలుపు తెలుపు. రెండోది ఆ తర్వాత మూడు నెలలకు ఊటీ బొటానికల్ గార్డెన్‌లో తీయించుకున్న రంగుల ఫొటో. పెళ్ళి ఫొటోలో పందిట్లో కట్టిన మామిడాకుల ఈనెలు ఇప్పటికీ లెక్కపెట్టొచ్చు. ఊటీ ఫొటో మాత్రం ఎర్రమన్ను కలిపిన నీళ్ళలో ముంచి తీసినట్టుంది. మనవరాలు ఆల్బమ్ తిప్పుతూ, "అమ్మమ్మా, అప్పట్లో ఊటీ చెట్లు ఎర్రగా ఉండేవా?" అని అడిగిందట.

ఆవిడ అసలు బాధ వేరు. ఆ రోజు కట్టుకున్నది ఇంకు నీలం చీర అని ఆవిడ, చిలకపచ్చ అని ఆయన నలభై ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. సాక్ష్యం కోసం ఫొటో బయటికి తీస్తే అందులో చీర రాణి రంగులో ఉంది! "ఆల్బమ్ బీరువా దాటలేదు, ఎండ పొడ సోకలేదు. మరి రంగెలా పోయింది? అసలు రంగేమిటో మీరు చెప్పగలరా?" అని ముగించారు.

ఈ నెల సౌర తుఫానుల మీద రాస్తానని సంపాదకులకు మాటిచ్చాను. సూర్యుడు ఎక్కడికీ పోడు, వచ్చే నెల చూసుకుందాం.

ముందు పెళ్ళి ఫొటో సంగతి త్వరగా ముగిస్తాను. అది వెండి. జెలటిన్ పొరలో సిల్వర్ బ్రోమైడ్ లాంటి లవణాల రేణువులుంటాయి. వెలుగు తగిలిన రేణువులో నాలుగైదు వెండి పరమాణువులు గుంపు కడతాయి. డెవలపర్ ఆ గుంపు దగ్గర మొదలుపెట్టి రేణువు మొత్తాన్నీ వెండిగా మార్చేస్తుంది. వెలుగు తగలని వాటిని హైపో అనే ద్రావణం కరిగించి తీసుకుపోతుంది. కాగితం మీద మిగిలేది లోహం. స్టూడియో కుర్రాడు బద్ధకించి హైపో సరిగ్గా కడక్కపోతే అందులోని గంధకం వెండిని పట్టుకుని ఫొటోను పసుపెక్కిస్తుంది. శ్రద్ధగా కడిగితే తరాలు నిలుస్తుంది. పైగా మన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్‌ను 1960లో ఊటీలోనే నెలకొల్పారు. 'ఇందు' పేరుతో నలుపు తెలుపు ఫిల్మూ కాగితమూ అక్కణ్ణుంచే దేశమంతటికీ వెళ్ళేవి. వాళ్ళు ఊటీ వెళ్ళకముందే ఊటీ కాగితం వాళ్ళ పెళ్ళికొచ్చి ఉండొచ్చు.

ఇక రంగుల ఫొటో. ఇందులో వెండి రవ్వంత కూడా మిగలదని చెప్తే చాలామంది నమ్మరు. ఇల్లు కట్టాక పరంజా విప్పేసినట్టు, బొమ్మ తయారవగానే వెండినంతా బ్లీచ్ చేసి కడిగేస్తారు. మనం చూసేది అద్దకం రంగుల్ని మాత్రమే. వెండి వెళ్ళిపోయే ముందు ఆ రంగుల్ని సరిగ్గా ఎక్కడ ఎంత కావాలో అంత పుట్టించి వెళ్తుంది చూడండి, నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు రసాయనశాస్త్రంలో అంతకంటే సొగసైన పని లేదు.

డెవలపర్ లవణాన్ని వెండిగా మారుస్తుందని అనుకున్నాం కదా. దాని అణువు ఎలక్ట్రాన్లను ఇచ్చి ఆ పని చేస్తుంది. ఇచ్చేశాక దాని పరిస్థితేమిటి? నలుపు తెలుపులో అది వ్యర్థం, మోరీలోకి పోతుంది. రంగుల ఫొటోకు వాడే ప్రత్యేకమైన డెవలపర్ మాత్రం ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న మరుక్షణం మహా చురుగ్గా తయారై, పక్కన ఎవరు దొరికితే వాళ్ళతో కలిసిపోవాలని చూస్తుంది. ఆ పక్కనే, జెలటిన్‌లోని సన్నటి నూనె బిందువుల్లో, 'కప్లర్' అనే రంగులేని పదార్థాన్ని ముందే దాచి ఉంచుతారు. రెండూ తగులుకుంటాయి, రంగు పుడుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అయినట్టు. (అక్కడి రసాయనం వేరు, చమత్కారం ఒకటే.) వెండి పుట్టిన చోటే రంగు పుడుతుంది, వెండి ఎంతో రంగూ అంత.

కాగితం మీద ఇలాంటి పొరలు మూడు. నీలం కాంతికి స్పందించే పొరలో పసుపు రంగునిచ్చే కప్లర్, పచ్చకాంతి పొరలో మెజెంటా కప్లర్, ఎర్రకాంతి పొరలో సయాన్ కప్లర్. మెజెంటా అంటే చీరల కొట్లో అడిగే రాణి రంగే. సయాన్ అంటే కాస్త పచ్చ కలిసిన ఆకాశం రంగు. ఒకే డెవలపర్ మూడు పొరల్లోకీ వెళ్ళి, ఎదురైన కప్లర్‌ను బట్టి మూడు రంగులు పుట్టిస్తుంది.

ఈ ఉపాయాన్ని జర్మనీలో రుడాల్ఫ్ ఫిషర్ 1912 నాటికే కనిపెట్టి పేటెంట్ తీసుకున్నాడు. ఆలోచన ఒప్పే, అమలు కుదరలేదు. కప్లర్లు పొరల్లో కుదురుగా ఉండక పక్క పొరలోకి జారుకునేవి. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరూ వాటిని కట్టడి చెయ్యలేకపోయారు. చివరికి 1936లో ఆగ్ఫా రసాయనవేత్తలు కప్లర్ అణువుకు పొడవాటి తోక తగిలించారు. కొడాక్ వాళ్ళు కొన్నేళ్ళ తర్వాత నూనె బిందువుల దారి పట్టారు. ఈ లోపల ఇద్దరు సంగీత విద్వాంసులు, పియానో వాయించే లియోపోల్డ్ మేన్స్, వయొలిన్ వాయించే లియోపోల్డ్ గొడౌస్కీ, "కప్లర్‌ని ఫిల్ములో పెట్టడమెందుకు? కడిగేటప్పుడు బయటినుంచి పోద్దాం" అన్నారు. 1935లో వచ్చిన కొడాక్రోమ్ అదే. చీకటి గదిలో గడియారం కనిపించదు కాబట్టి బ్రామ్స్ సింఫనీ ఈల వేస్తూ సెకన్లు లెక్కపెట్టేవారని చెప్తారు. తాళం తెలిసినవాళ్ళకు స్టాప్‌వాచ్ దేనికి?

కొడాక్రోమ్‌కి తెలియకుండా ఒక వరం దక్కింది. పని కాగానే వాడని కప్లర్ మొత్తం కడుగులో పోతుంది, బొమ్మలో మిగిలిపోయి పాడుచేసే సరుకు ఉండదు. అందుకే చీకటి పెట్టెలో ఉన్న ఆనాటి యాత్రికుల స్లైడ్లు ఇప్పటికీ నిన్న తీసినట్టుంటాయి. స్టీవ్ మెక్కరీ 1984లో పచ్చకళ్ళ ఆఫ్ఘన్ బాలిక బొమ్మను కొడాక్రోమ్ మీదే తీశాడు. కాకపోతే కడగడం మహా యాతన. చివరికి మిగిలిన ఒకే ఒక ల్యాబ్ అమెరికాలోని పార్సన్స్ అనే చిన్న ఊళ్ళో ఉండేది, అదీ 2010 డిసెంబర్ 30తో కొత్త ఫిల్ములు తీసుకోవడం ఆపేసింది. దీనికి భిన్నంగా 1940లలో కొడాక్ అమ్మిన తొలి కొడాకలర్ ప్రింట్లలో మిగిలిపోయిన కప్లర్ మెల్లగా పసుపెక్కి తెల్లటి అంచుల్ని కూడా మరక చేసింది.

ఇప్పుడు ఊటీ ఫొటోలో దోషి ఎవరో చూద్దాం. సయాన్. అద్దకం అణువులో ఒంటి బంధం, జంట బంధం ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా అమరి ఉంటాయి. ఆ గొలుసు వెంట ఎలక్ట్రాన్లు పరుచుకోవడం వల్లే రంగు. గొలుసు ఒక్కచోట తెగినా రంగు పోతుంది. ఆనాటి సయాన్ అణువులో డెవలపర్ ముక్కనూ కప్లర్ ముక్కనూ కలిపే బంధమే బలహీనం. రెండు ఎలక్ట్రాన్లు, రెండు హైడ్రోజన్లు వచ్చి చేరితే రంగులేని రూపంలోకి మారిపోతుంది. దాన్ని 'లూకో' రూపం అంటారు, గ్రీకులో తెలుపు అని అర్థం. అణువు ఎక్కడికీ పోదు, ఉన్నచోటే తెల్లబోతుంది. మన భాషలో ఇంత సరిపోయే క్రియ ఉండటం నాకు భలే ముచ్చటేసింది. ఇవి కాక, తేమ వల్ల విరిగిపోయే అణువులు వేరే ఉంటాయి, అవి మరి తిరిగి రావు.

ఈ మార్పులకు వెలుతురు అక్కర్లేదు, వేడీ తేమా చాలు. పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం రెట్టింపో, అంతకంటే ఎక్కువో అవుతుంది. గోదావరి జిల్లాలో మే నెల బీరువా ఎలా ఉంటుందో పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. అందరూ ఎండ ఒక్కటే శత్రువనుకుని ఆల్బమ్‌ను చీకట్లో దాచారు. అమ్మిన కంపెనీలూ చాలాకాలం చీకట్లో పోయే రంగు గురించి గట్టిగా మాట్లాడలేదు. ఈ లెక్కలన్నీ ఓపిగ్గా పోగేసి హెన్రీ విల్‌హెల్మ్ 1993లో ఏడొందల పేజీలు దాటిన పుస్తకం వేశాడు. అంతకుముందే, మన పోస్టర్ల మీద కూడా గొప్పగా వేసుకున్న ఆ ఈస్ట్‌మన్ కలర్ సినిమా ప్రింట్లు గులాబీ రంగుకు తిరిగిపోతుంటే, 1980లో దర్శకుడు మార్టిన్ స్కోర్సెసే సినిమా వాళ్ళందరి సంతకాలూ సేకరించి కొడాక్ మీద వత్తిడి తెచ్చాడు. నిలకడైన ఫిల్ములు ఆ తర్వాత వచ్చాయి.

ఇక్కడ ఒక తెలివైన పాఠకుడు నన్ను పట్టుకోవచ్చు: "మా ఊరి సెలూన్‌లో హెయిర్ స్టైల్ పోస్టర్లు ఎర్రబడలేదే, నీలంగా మారాయే?" నిజమే. అవి అచ్చు సిరాలు. అచ్చు సయాన్ అంటే నడుమ రాగి పరమాణువు కూర్చున్న థాలోసయనిన్, నెత్తుటిలోని హీమ్‌కీ ఆకుల్లోని పత్రహరితానికీ చుట్టం. అది మహా మొండిది. ఎండకు పసుపూ మెజెంటా ముందు ఎగిరిపోతాయి, హీరో నీలిమేఘశ్యాముడై మిగులుతాడు. పేరు సయానే, కులగోత్రాలు వేరు.

సయాన్ పోతే ఎరుపెందుకు రావాలి? తెల్ల కాగితం అన్ని కాంతుల్నీ తిప్పి పంపుతుంది. అందులో ఎర్రకాంతిని మింగే పని సయాన్‌ది. కావలివాడు పోతే ఎరుపు నిరాటంకంగా మన కంటికొస్తుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే ఊటీ ఫొటో మొత్తం చదవొచ్చు. ఆకుపచ్చ అంటే సయాన్, పసుపు కలిసినది. సయాన్ పోయింది కాబట్టి చెట్లు పసుపు తిరిగిన ఇటుక రంగులోకి దిగాయి. నల్లటి జడలో మూడు రంగులూ ఉండాలి, ఒకటి లేక జడ ఎర్రబడింది. ఆకాశం గులాబీ అయింది. ఆవిడ నుదుటి కుంకుమబొట్టు మాత్రం చెక్కుచెదరలేదు. ఎరుపంటే పసుపూ మెజెంటా, దానికి సయాన్‌తో పనే లేదు. ఆ ఫొటోలో ఉన్నదున్నట్టు నిలిచిన రంగు అదొక్కటే.

రంగును వెండిలోనే దాచుకున్న ఒకాయన కథ చెప్పకుండా ఉండలేను. సెర్గేయ్ ప్రొకూదిన్-గోర్‌స్కీ 1909 నుంచి 1915 దాకా రష్యా సామ్రాజ్యమంతా రైల్లో తిరుగుతూ, ప్రతి దృశ్యాన్నీ ఎరుపు, పచ్చ, నీలం గాజుల్లోంచి మూడుసార్లు నలుపు తెలుపు గాజు పలకల మీద తీశాడు. పలకలో రంగు లేదు, ఎక్కడ ఏ కాంతి ఎంతుందన్న లెక్క ఉంది. అందుకే బుఖారా అమీరు 1911లో తొడుక్కున్న నీలి పట్టు అంగీ ఇవాళ్టికీ కళ్ళు చెదిరేలా కనిపిస్తుంది. ఈ మూడు ఫొటోల ఉపాయం భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్‌ది. 1861లో లండన్‌లో ఆయన గళ్ళ రిబ్బన్ ఫొటో చూపించి సభను మెప్పించాడు. ఆనాటి పలకలకు ఎరుపు అసలు కనబడదు, ఆ ప్రయోగం విఫలమై ఉండాల్సింది! రిబ్బన్‌లోని ఎర్ర అద్దకం అతినీలలోహిత కాంతిని కూడా తిప్పి పంపడం వల్ల అది గట్టెక్కిందని సరిగ్గా వందేళ్ళకు, 1961లో, కొడాక్ శాస్త్రవేత్త రాల్ఫ్ ఎవాన్స్ తేల్చాడు.

"ఉపయోగపడే సలహాలు రాయండి" అని సంపాదకులు ఎప్పుడూ అడుగుతారు. సరే. జిగురు పేజీల ఆల్బమ్‌లోంచి ఫొటోల్ని జాగ్రత్తగా విడిపించండి, ఆ జిగురూ ప్లాస్టిక్కూ మంచివి కావు. ఇంట్లో చల్లగా పొడిగా ఉండే చోట పెట్టండి. స్కాన్ చేయించండి. నెగెటివ్ దొరికితే పారేయొద్దు. ఫోన్లో బొమ్మను "బాగుచేసే" యాప్‌లు రంగును ఊహించి పూస్తాయి, సాక్ష్యానికి పనికిరావు. ఇంకో రకం యాప్‌లు నిన్న తీసిన ఫొటోకు డబ్బు తీసుకుని మరీ సయాన్ తీసేసి "పాతకాలం" అంటాయి. 1978లో ఆకాశం నీలంగానే ఉండేదమ్మా అని ఆ మనవరాలికి ఎవరైనా చెప్పాలి.

ఇక చీర. చిలకపచ్చదే అయితే చెట్లలాగే ఇటుక రంగుకు తిరగాలి. తిరగలేదు, కాబట్టి ఆయన వాదం అక్కడే వీగిపోయింది. నీలమంటే సయాన్, మెజెంటా. సయాన్ తీసేస్తే మిగిలేది రాణి రంగే. కానీ తొందరపడకూడదు. అసలే అది రాణి రంగు చీరైతే? అప్పుడూ ఇలాగే ఉంటుంది, ఇద్దరూ తప్పవుతారు. అందుకని ఫొటోను స్కాన్ చేసి, ఎర్రకాంతి భాగాన్ని మాత్రం విడదీసి చూశాను. సయాన్ ఆనవాలు ఏమైనా మిగిలుంటే అక్కడే తెలియాలి. కుంకుమబొట్టు ఆ బొమ్మలో నుదుటిలో కలిసిపోయి కనబడకుండా పోయింది, అలాగే కావాలి. చీర మాత్రం పోలేదు. కుచ్చిళ్ళ మడతల్లో, పైట అంచున, పలచటి బూడిద నీడ నిలిచే ఉంది.

అమ్మా, మీ చీర నీలమే. ఫొటోలు రెండూ పోస్టులో తిరిగి పంపుతున్నాను. అయ్యగారికి నా నమస్కారాలు.