పంక్తి ముగియు చోట

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున పోటీపరీక్షలకు చదువుకొను యువకులను మన శ్రోతలలో పలువు రెరుగుదురు. అట్టి విద్యార్థి యొకడు లినక్స్ కంప్యూటరులో నూరు ప్రశ్నలు, జవాబులు వ్రాసికొని, అచ్చుతీయించుటకు అశోక్‌నగర్‌లోని ఒక దుకాణమునకు పోయెననుకొందము. అచ్చటి పాత విండోస్ యంత్రమున ఫైలు తెరచినంతనే నూరు ప్రశ్నలును ఒకదాని తోక నొకటి పట్టుకొని ఒకే పంక్తిగా కనబడును. అక్షరమొక్కటియు పోలేదు. పంక్తి ఎచ్చట ముగిసినదో ఆ యంత్రమునకు తెలియలేదు, అంతే.

టైపు నేర్చినవారికి దీని మూలము సులభముగా బోధపడును. గంట మ్రోగగానే ఎడమచేతితో మీటను త్రోయుదుము. ఆ ఒక్క త్రోపుతో కాగితము పైకి జరుగును, క్యారేజి మొదటికి వచ్చును. టెలిప్రింటరునకు త్రోయు చేయి లేదు గనుక రెండు పనులకు రెండు సంకేతములు పంపవలసి వచ్చెను: క్యారేజి రిటర్న్, లైన్ ఫీడ్. 1963లో వెలువడిన ఆస్కీ పట్టికలో మొదటిదాని సంఖ్య 13, రెండవదానిది 10. సెకనుకు 10 అక్షరములు కొట్టు టెలిటైప్ 33 యంత్రమున క్యారేజి వెనుకకు వచ్చుటకు ఒక అక్షరమునకు పట్టు కాలము చాలదు. కాగితము జరుగు వ్యవధి దానికి అక్కరకు వచ్చును. కనుకనే 13 ముందు, 10 వెనుక.

యంత్రములు పోయినవి, సంకేతములు మిగిలినవి. యునిక్స్, దాని ననుసరించిన లినక్స్ 10 ఒక్కటి చాలుననుకొన్నవి. డాస్, విండోస్ రెంటిని నిలుపుకొన్నవి. పాత మాకింటోష్ 13ను మాత్రమే వాడి, 2001 నుండి యునిక్స్ దారి పట్టెను. విండోస్ నోట్‌ప్యాడ్ 10ని ఒంటరిగా గుర్తించుట 2018లో గాని నేర్వలేదు. ఇంత ఆలస్యమేల అని మాకును ఆశ్చర్యమే.

తిరుగు ప్రయాణమున చిక్కు మరింత పెద్దది. విండోస్‌లో వ్రాసిన స్క్రిప్టును లినక్స్‌లో నడిపినచో, మొదటి పంక్తిలోని కార్యక్రమము పేరునకు కంటికి కానరాని 13 అంటుకొనియుండును. ఆ పేరుగల కార్యక్రమము లేదని యంత్రము మొరాయించును. మనకు మాత్రము పేరు సరిగానే అగపడును!

మందు చిన్నది. డాస్-టు-యునిక్స్ అను పనిముట్టు గలదు. లేనిచో, పంక్తి చివర 13 ఉన్న తీసివేయుమని సెడ్‌కు ఒక్క వాక్యముతో చెప్పవచ్చును. విండోస్‌కు మార్చునపుడు ముందు ఉన్న 13లను తీసి, పిమ్మట చేర్చవలెను. లేకున్న రెండుమారులు నడిపినపుడు రెండేసి చేరును.

తెలుగువారు మరొకటి గమనింపవలెను. యూనికోడ్‌లో ‘ఊ’ సంఖ్య 3082. యూటీఎఫ్-16 పద్ధతిలో అది 12, 10 అను రెండు బైట్లుగా నిలుచును. బైట్లను మాత్రమే చూచు మోటు స్క్రిప్టు ఆ 10ని పంక్తి ముగింపుగా భ్రమించి పక్కన 13ను దూర్చును. అంతటితో జతలు తప్పి, ‘ఊరు’ మొదలు తరువాతి అక్షరములు గందరగోళమగును. గురుముఖి, గుజరాతీలలో అక్షరమక్షరమునను 10 ఉండును. వారి పాట్లు ఊహింపవచ్చును. యూటీఎఫ్-8లో ఈ భయము లేదు. అందు తెలుగు అక్షరమునకు మూడు బైట్లు, మూడును 127కు మించినవే. కావున ఫైలును ముందు యూటీఎఫ్-8గా భద్రపరచి, ఒక ప్రతిని వేరుగా దాచి, ఆ పిమ్మటనే పంక్తుల ముగింపులు మార్చవలెను.