కడుపు కోస్తే షుగరెందుకు తగ్గింది?

బరువు తగ్గించే ఆపరేషన్ వెనక పేగు హార్మోన్లు. ఆ రహస్యం వెతికినవారిలో మన హైదరాబాద్ సర్జనూ ఒకరు.

తిండి తగ్గితే ఒళ్లు తగ్గుతుంది, ఒళ్లు తగ్గితే షుగరు తగ్గుతుంది. అందరూ అనుకున్న వరస ఇది. బేరియాట్రిక్ సర్జరీ దాన్ని తలకిందులు చేసింది. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే, ఒళ్లు ఇంకా పెద్దగా తగ్గకముందే, చాలామందికి షుగరు దిగింది. ఇన్సులిన్ మోతాదు తగ్గించాల్సి వచ్చింది. అమెరికా సర్జన్ వాల్టర్ పోరీస్ 1995లో ఈ సంగతిని లెక్కలతో సహా ప్రకటించారు. మరి షుగరును దించిందెవరు?

పేగు పంపే కబురు

పేగు అన్నం అరిగించే గొట్టం మాత్రమే కాదు, హార్మోన్ల కార్ఖానా కూడా. జీర్ణాశయం పైభాగంలో ఎక్కువగా తయారయ్యే గ్రెలిన్ ఆకలి పుట్టిస్తుంది. దీన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనుగొన్నారు. చిన్నపేగు చివరి భాగంలో ఉండే ఎల్-కణాలకు అన్నం తగిలితే జీఎల్‌పీ-1, పీవైవై విడుదలవుతాయి. మొదటిది క్లోమం చేత ఇన్సులిన్ ఇప్పిస్తుంది. రెండూ కలిసి మెదడుకు ‘ఇక చాలు’ అని చెబుతాయి.

బరువు తగ్గించే ఆపరేషన్లలో ఒకటైన స్లీవ్ సర్జరీలో, జీర్ణాశయంలో గ్రెలిన్ తయారయ్యే భాగాన్ని చాలావరకు తీసేస్తారు. మరొకటైన గ్యాస్ట్రిక్ బైపాస్‌లో అన్నం దారి మళ్లి పేగు కింది భాగానికి త్వరగా చేరుతుంది. లండన్‌లో కారెల్ లె రూ బృందం బైపాస్ అయినవారికి పేగు హార్మోన్లను అడ్డుకునే మందిచ్చి చూసింది. వాళ్లు మళ్లీ ఎక్కువ తిన్నారు. ఆకలిని అణిచింది కడుపు ఇరుకొక్కటే కాదని అలా తేలింది.

పేగే ఎదురొస్తే?

బషీర్‌బాగ్‌లోని కిర్లోస్కర్ ఆసుపత్రి సర్జన్ డాక్టర్ సురేంద్ర ఉగలే మరో దారి పట్టారు. బ్రెజిల్ సర్జన్ ఆరియో డి పౌలా చేసిన ఇలియల్ ఇంటర్‌పొజిషన్‌ను ఇక్కడికి తెచ్చారు. చిన్నపేగు చివరి భాగంలో ఒక ముక్కను రక్తనాళాలతో సహా పైకి తెచ్చి మొదటి భాగంలో అతుకుతారు. అన్నం పేగు చివరిదాకా వెళ్లనక్కర్లేదు, పేగు చివరే అన్నానికి ఎదురొస్తుంది. దీనికి స్లీవ్ కూడా జోడిస్తారు.

హైదరాబాద్ ఎండోక్రైనాలజిస్టులతో కలిసి ఆయన బృందం 43 మంది షుగరు రోగుల ఫలితాలను 2012లో ప్రచురించింది. 20 మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. మిగతావారికి మందుల అవసరం తగ్గింది. అయితే ఆపరేషన్ లేకుండా మందులే వాడిన మరో బృందంతో పోల్చి చూసిన అధ్యయనం కాదది. ఈ ఆపరేషన్‌ను సర్జన్ల సంఘాలు నేటికీ ప్రయోగ దశలోనిదిగానే చూస్తున్నాయి.

అఫ్జల్‌గంజ్ పాఠం

ఒక్క ఊళ్లో తేలిన ఫలితాన్ని నలుగురూ సరిచూడాలని హైదరాబాద్‌కు వేరే చెప్పక్కర్లేదు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రికి ముందున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889ల్లో, మత్తుమందు క్లోరోఫామ్ గుండెకు ప్రమాదమా అని తేల్చే కమిషన్లు నడిపారు. రెండోదానికి ఆరో నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చారు. లాన్సెట్ వైద్య పత్రిక తరఫున వైద్యుడు లాడర్ బ్రంటన్ హైదరాబాద్ వచ్చారు. వందల జంతువులపై పరీక్షించి, క్లోరోఫామ్ నేరుగా గుండెను ఆపదని తేల్చారు. 1911 నాటికి లండన్ ప్రయోగాలు ఆ తీర్పును తిప్పికొట్టాయి.

బేరియాట్రిక్ సర్జరీకి అలాంటి సరిచూపు జరుగుతూనే ఉంది. క్లీవ్‌లాండ్‌లో 150 మంది షుగరు రోగులతో మొదలైన స్టాంపీడ్ అధ్యయనంలో, మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) ఐదేళ్ల తర్వాత కూడా 6 శాతం లోపు నిలిచినవారు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులతోనే నెట్టుకొచ్చినవారిలో 5 శాతం. మేలు నిజమే, కానీ అందరికీ కాదు. ఇప్పుడు జీఎల్‌పీ-1 దారిలో పనిచేసే ఇంజెక్షన్లూ మన మందుల షాపుల్లోకి వచ్చాయి.

దావత్, రోజా, జాగ్రత్త

ఆసియావాసులకు బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు కొలత) 27.5 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 165 సెంటీమీటర్ల మనిషికి అది సుమారు 75 కిలోలు. అర్ధరాత్రి దావత్‌లు, పొద్దున్నే నిహారి మామూలైన వీధుల్లో ఆ గీత చాలామందే దాటి ఉంటారు. అంతమాత్రాన అందరికీ కత్తి అవసరం లేదు.

ఆపరేషన్ చేయించుకున్నవారికి మాత్రం కొత్త జీవితమే. బీ12, ఐరన్, విటమిన్లు జీవితాంతం కావాలి. బైపాస్ అయినవారు ఇఫ్తార్‌లో ఖుబానీ కా మీఠా గబగబా తింటే గుండెదడ, చెమటలు, విరేచనాలు రావచ్చు. ఆపరేషన్ తర్వాత తొలి నెలల్లో రోజా (ఉపవాసం) ఉంటే ఒంట్లో నీరు తగ్గే ప్రమాదం ఉంది, డాక్టర్‌ను అడగకుండా ఉండకూడదు.

లావెక్కడం తిండిపోతుతనమని వెక్కిరించే అలవాటు మానుకుందాం. ఆకలి మీద పెత్తనం మనసుది మాత్రమే కాదు, పేగుది కూడా. ఆపరేషన్‌కు ఒప్పుకొనే ముందు సర్జన్‌ను మూడు మాటలు అడగండి: నాకు ఏ ఆపరేషన్, ఎందుకు? ఐదేళ్ల తర్వాత మీ రోగులు ఎలా ఉన్నారు? నన్ను ఎన్నేళ్లు కనిపెట్టి చూస్తారు? జవాబు సూటిగా రాకపోతే మరో డాక్టర్‌ను కలవండి.