కొంచెం అడ్జస్ట్ అవ్వమ్మా!

మా అక్క కూతురు ప్రొద్దుటూరు కోడలు. ఉద్యోగం కడపలో. తెల్లారకముందే లేచి ఇంటిల్లిపాదికీ టిఫినూ, మధ్యాహ్నానికి వంటా చేసిపెట్టి, ఏడు గంటల బస్సు అందుకుంటుంది. "రోజూ ఈ పరుగులెందుకు, ఉద్యోగం మానేయరాదా" అని ఇంట్లో మొదలుపెట్టారట. ఒకరోజు ఫోన్ చేసి ఏడ్చింది. నేనేం చెప్పానంటారా? అందరం చెప్పేదే. "కొన్నాళ్లు అడ్జస్ట్ అవ్వమ్మా."

అటువైపు ఏడుపు ఆగిపోయింది.

"చిన్నమ్మా, నువ్వు కథలు రాస్తావు కదా. అడ్జస్ట్ అంటే తెలుగులో ఏందో చెప్పు" అంది.

"సర్దుకోవడం" అన్నాను.

"అంటే ఏందని అడుగుతున్నా" అని ఫోన్ పెట్టేసింది.

నిజమే, ఏమిటి? కడపలో ఉంటూ మాటకు అర్థం తెలీదంటే మన బ్రౌన్ దొర ఏమనుకుంటాడు! 1820లో ఉద్యోగం మీద ఈ ఊరొచ్చి, బంగళా కొని, పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు ఎత్తి రాయించిన మనిషాయె. 1852లో అచ్చయిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో కావ్యాల మాటలతో పాటు జనం వ్యవహారంలో వాడే మాటలూ ఉన్నాయి. ఆ బంగళా ఉన్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలతో గ్రంథాలయం లేచింది. సరే, దొర బాటలోనే నేనూ ఒక కాగితం తీసుకుని, నలుగురి నోటా వినపడిందల్లా రాసుకున్నాను.

అంగడాయన "పాత బాకీలో అడ్జస్ట్ చేసుకుంటాలేమ్మా" అంటే జమకట్టుకోవడం. పక్కింటామె "ఒక ఐదొందలు అడ్జస్ట్ చేయక్కా" అంటే చేబదులు. బస్సులో ముగ్గురు కూర్చున్న సీటు దగ్గర నాలుగో ఆమె నిలబడి "కొంచెం అడ్జస్ట్ చేసుకోండి" అంటే జరగమని. మా అవ్వ అయితే "రోంత జరగమ్మా" అనేది. అందులో ఎంత జరగాలో కొలత కూడా ఉంది. రోంత, అంతే. అడ్జస్ట్‌లో ఆ కొలత లేదు చూడండి. కిటికీకి అతుక్కుపోయినా ఇంకా జరగాల్సిందే.

ఇక మన 'సర్దు' తక్కువదా? బీరువా సర్దుతాం, కుచ్చిళ్లు సర్దుకుంటాం, డబ్బు సర్దుతాం, అలిగినవాళ్లకు సర్దిచెబుతాం. పెట్టె సర్దుకున్నామంటే ప్రయాణం. సర్దుకుపోయామంటే ఎక్కడికీ పోకుండా అక్కడే ఉండిపోవడం!

ఇంగ్లీషువాళ్ల దగ్గర ఈ మాటకు చుట్టాలు చాలామందే ఉన్నారు. కొత్తచోటికి అలవాటు పడితే అడాప్ట్, ఎదుటివాళ్లకు చోటిస్తే అకామడేట్, ఇద్దరూ చెరికాస్త దిగివస్తే కాంప్రమైజ్, పళ్లబిగువున ఓర్చుకుంటే టాలరేట్. మనం ఇవన్నీ ఒక్క గిన్నెలో పోసి అడ్జస్ట్ అని మూత పెట్టేశాం. అసలు ఆ మాట మూలం లాటిన్‌లో 'దగ్గర' అనే పదం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. సరిచేయడం, పొందిక కుదర్చడం, లెక్క తేల్చడం దాని పాత పనులు. గడియారాన్నీ, తక్కెడనూ, కుట్టుమిషను దారం బిగువునూ అడ్జస్ట్ చేసేవారు. మనిషి తనను తానే మార్చుకోవడం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. బీమా వ్యవహారాల్లో అడ్జస్టర్ అని ఒకాయన ఉంటాడు. ఎవరికెంత నష్టం జరిగిందో లెక్కగట్టి తేల్చడం ఆయన పని. ఇది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మన ఆడపిల్లలకు ఈ మాట చెప్పేటప్పుడు నష్టం లెక్కగట్టేవాళ్లెవరండీ?

కాగితం మీదికి ఎక్కిన చివరి మాట మా టైలరుది. నా పెళ్లినాటి జాకెట్టు తీసుకెళ్లి "కొంచెం అడ్జస్ట్ చేసి వదులు చేయన్నా" అన్నాను. లోపలివైపు తిప్పి చూసి, "లోపల గుడ్డ వదల్లేదు కదమ్మా, ఏం విప్పమంటావు?" అన్నాడు. అంతా కత్తిరించేసి ఆనించి కుట్టారట. ఇంటికొచ్చేదాకా ప్రొద్దుటూరు పిల్ల మొహమే కళ్లముందు.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. "ఆరోజు ఓర్చుకో అనడానికి నోరు రాక అడ్జస్ట్ అన్నానమ్మా. తప్పు నాదే. ఉద్యోగం మానొద్దు. పొద్దున పనులు ఎవరెవరు చేయాలో కూర్చుని అడుగు" అన్నాను. "ఊఁ" అంది.

పోయిన ఆదివారం తన దగ్గర్నుంచి మెసేజ్. 'సర్దుకున్నా చిన్నమ్మా.'

గుండె ఝల్లుమంది. పెట్టె సర్దుకుందో ఏమో! వెంటనే ఫోన్ చేశాను. పకపకా నవ్వింది.

"పెట్టె కాదులే. పనులు. టిఫిన్ నాది, మధ్యాహ్నం వంట అత్తమ్మది. నీ అల్లుడు నీళ్లు పట్టి, పిల్లోణ్ని స్కూలు బస్సెక్కిస్తాడు."

"మీ అత్తగారు ఒప్పుకుందా?"

"రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు వండింది. పప్పులో ఉప్పు విషం! ఏం చేసేది, నేనే రోంత అడ్జస్ట్ అయినా."