తరంగానికి లేని సరిహద్దు

పొలానికి గట్టు ఉన్నది, ఊరికి పొలిమేర ఉన్నది, రాష్ట్రానికి సరిహద్దు రాయి ఉన్నది. కాని సెల్‌ఫోను టవరు నుంచి బయలుదేరే రేడియో తరంగానికి ఇవేవీ కనిపించవు. బలం ఉన్నంత దూరం అది పోతూనే ఉంటుంది. హద్దు గీసేది ప్రభుత్వం. ఆ హద్దుకు లోబడి తరంగాన్ని నడపవలసినవాడు ఇంజనీరు. చివరకు బిల్లు కట్టేది మనబోటి సంసారులు. హద్దుల పక్కనే తరతరాలుగా కాపురాలు చేస్తున్న మనవారికి ఈ సంగతి తెలియడం అవసరమని తలచి నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

ముందు యంత్రం సంగతి చూతము. ఫోనులో వేసే సిమ్ములో ఒక సంఖ్య దాగి ఉంటుంది. దానిలో మొదటి మూడంకెలు దేశాన్ని తెలుపుతవి. మన దేశానివి 404, 405. తరువాతి అంకెలు సంస్థను తెలుపుతవి. మనం పరాయి చోటికి వెళ్లినప్పుడు అక్కడి యంత్రం ఈ సంఖ్య చూచి, మన సొంత సంస్థ రిజిస్టరును విచారించి, తన అతిథుల రిజిస్టరులో మనలను చేర్చుకుంటుంది. డెప్యుటేషను మీద వచ్చిన గుమాస్తా పేరును కొత్త ఆఫీసు హాజరు పట్టీలో ఎక్కించుకున్నట్లే ఇదీను. దీనికే రోమింగ్ అని పేరు. ఆఫీసులో వారం పట్టే ఈ పని అక్కడ క్షణాలలో ముగుస్తుంది.

ఈ విద్య కొత్తది కాదు. 1987 సెప్టెంబరు 7న కోపెన్‌హేగెన్ నగరంలో 13 ఐరోపా దేశాల టెలిఫోను సంస్థలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేసి, అందరికీ ఒకే పద్ధతి ఉండాలని నిశ్చయించినవి. అదే జి.ఎస్.ఎం. పద్ధతి. 1991లో దాని మీద మొదటి సంభాషణ ఫిన్లాండులో జరిగినది. 1992లో ఫిన్లాండు సంస్థకు, బ్రిటను సంస్థకు మధ్య మొదటి రోమింగ్ ఒడంబడిక కుదిరినది. ఆనాటికే దేశాలు దాటించి మాట్లాడించడం ఇంజనీర్లకు చేతనైనది. కాని ఐరోపా యూనియనులో ఒక దేశపు పౌరుడు మరొక దేశానికి వెళ్లి ఇంటి ధరకే మాట్లాడుకొనే నిబంధన అమలులోకి వచ్చినది 2017 జూన్ 15న! యంత్రం సిద్ధమైన తరువాత చట్టం సిద్ధం కావడానికి 25 ఏండ్లు పట్టినదన్నమాట.

ఇక మన దేశానికి వద్దాము. 1995 జులై 31న కలకత్తా నుంచి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో ఇక్కడ సెల్‌ఫోను మొదలైనది. దేశాన్ని సర్కిళ్లుగా విభజించి, సర్కిళ్ల వారీగా లైసెన్సులు ఇచ్చినారు. ఇప్పటికీ లెక్క 22 సర్కిళ్లే. వింత ఏమనగా, 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైనా సెల్‌ఫోను లెక్కలో ఆంధ్ర, తెలంగాణలు రెండూ ఒకటే సర్కిలు. హైదరాబాదుకూ విజయవాడకూ మధ్య లేని గోడ, కర్నూలుకూ బళ్లారికీ మధ్య మాత్రం ఉన్నది.

ఆ గోడ బరువు మనవారు మోసినదే. బళ్లారి నుంచి కర్నూలుకు పెండ్లికి పోయినా, బరంపురం నుంచి ఇచ్ఛాపురానికి పోయినా, వచ్చే ఫోనుకు కూడా మనమే డబ్బిచ్చుకోవలసి వచ్చేది. పిలిచినవారికి ఖర్చు, ఎత్తినవారికి ఖర్చు! అందుకని మోగినంతసేపు మోగనిచ్చి, తరువాత ఏ బడ్డీకొట్టు నుంచో తిరిగి పిలిచిన పెద్దలు మన సంఘంలో ఎందరో ఉన్నారు. మా బంధువుల ఇల్లు సరిహద్దుకు రెండు మైళ్ల లోపల. వారు వీధి అరుగు మీద కూర్చుంటే సొంత సర్కిలు, పెరట్లోకి పోతే పొరుగు సర్కిలు. బావి దగ్గర నిలుచుని మాట్లాడినందుకు రోమింగ్ బిల్లు కట్టినారు.

ఇందులో ఇంజనీరు తప్పేమున్నది? పొరుగు సర్కిలులో అదే తరంగం మరొక సంస్థకు కేటాయించి ఉండవచ్చును. మన టవరు ధ్వని అక్కడికి పోతే వారి మాటలు చెడిపోతవి. కనుక అతడు సరిహద్దు టవరు మీది యాంటెన్నాను కొంచెం కిందికి వంచుతాడు, లేదా బలం తగ్గిస్తాడు. తగ్గిస్తే హద్దు మీది పల్లెకు ఇటు సంకేతమూ సరిగా అందదు, అటుదీ అందదు. పెంచితే పొరుగువారి ఫిర్యాదు. ఐరోపా చట్టం కూడా ఈ చిక్కును గుర్తించి, సరిహద్దు ప్రాంతంలో తెలియకుండా పరాయి టవరుకు తగులుకొనే వాడుకదారులను కాపాడే బాధ్యత సంస్థల మీదనే పెట్టినది. రామేశ్వర యాత్రకు పోయి ధనుష్కోటి చూచివచ్చిన మనవారిలో కొందరికి శ్రీలంక నుంచి స్వాగత సందేశాలు వచ్చిన సంగతి తెలిసినదే.

లైసెన్సు గీత ఎంత గట్టిదో చెప్పడానికి మరొక ఉదాహరణ. 2010లో 3జి తరంగాలను వేలం వేసినప్పుడు ఏ ఒక్క ప్రైవేటు సంస్థకూ 22 సర్కిళ్లూ దక్కలేదు. కొన్ని సంస్థలు తమకు లేని చోట ఒకరి తరంగాలను ఒకరు వాడుకొనేట్లు ఒప్పందాలు చేసుకున్నవి. యంత్రానికి అది తేలిక పని. కాని అది లైసెన్సుకు విరుద్ధమని ప్రభుత్వం అభ్యంతరం చెప్పినది. వ్యవహారం టెలికాం ట్రిబ్యునలుకు ఎక్కి, 2014 ఏప్రిలులో సంస్థలకు అనుకూలంగా తీర్పు వచ్చినది. అంతవరకూ ఇంజనీర్లు చేతనైన పనిని చేయవచ్చునో లేదో తెలియక ఉండిపోయినారు.

మనకు ఊరట 2015లో కలిగినది. టెలికాం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ రోమింగులో వచ్చే ఫోనుకు నిమిషానికి 75 పైసలుగా ఉన్న గరిష్ఠ ధరను 45 పైసలకు దించినది. ఆ ఏడు జూన్ 15 నుంచి బి.ఎస్.ఎన్.ఎల్. దేశమంతటా రోమింగులో వచ్చే ఫోన్లను ఉచితం చేసినది. జులై 3 నుంచి ఏ సర్కిలుకు మారినా పాత నంబరునే ఉంచుకొనే వీలు కలిగినది. తరువాత రెండు మూడేండ్లలో మిగిలిన సంస్థలూ దారికి వచ్చినవి. గమనించవలసినదేమనగా, ఇందుకోసం టవర్లు మార్చలేదు. మారినది కాగితం మీది నిబంధన, దానితోపాటు సంస్థల మధ్య పోటీ.

ఐతే నిబంధన ఇచ్చినదానిని నిబంధన తీసుకుపోగలదు కూడా. బ్రిటను ఐరోపా నిబంధనల నుంచి 2021 జనవరి 1న బయటికి వచ్చినది. ఉచిత రోమింగ్ అక్కడి సంస్థలకు విధి కాకుండా పోయినది. 2022లో కొన్ని సంస్థలు ఐరోపాకు పోయే తమ వాడుకదారుల మీద మళ్లీ రుసుము వేసినవి. టవర్లు అవే, తరంగాలు అవే, ఇంజనీర్లూ వారే!

మన దేశంలో కూడా తరంగాల వేలం ఈనాటికీ సర్కిలు లెక్కననే సాగుతున్నది. 2022లో 5జి వేలమూ అట్లే జరిగినది. ధరలలో గోడ కూలినా, సరిహద్దు పల్లెలో సంకేతపు చిక్కు తీరలేదు. నిబంధనలు మార్చేముందు ట్రాయ్ చర్చాపత్రం ప్రకటించి ప్రజల అభిప్రాయాలు కోరుతుంది. పెద్ద సంస్థలు పుటలకు పుటలు వ్రాసి పంపుతవి. హద్దు మీది కుటుంబాల నుంచి ఒక్క కార్డు ముక్క అయినా పోవలదా? ఏ ఊరిలో, ఏ వీధిలో, ఏ వేళ ఫోను పలకదో వివరంగా వ్రాసి మన సంఘాల ద్వారా పంపితే అది ఇంజనీరుకు కూడా ఆధారమవుతుంది. తమ తమ ఊళ్ల వివరాలు సేకరించే పని మన యువకులు ఈ నెలలోనే ఆరంభింతురని ఆశిస్తున్నాము.