ఇంటికి మఱుగు: ఏ చెట్టు?

పట్టణములలో ఇంటికిని ఇంటికిని నడుమ ఎడము నానాటికి తగ్గుచున్నది. హైదరాబాదున గాని, విజయవాడయందు గాని రెండు వందల గజములలో ఇల్లు కట్టుకొన్న గృహస్థునకు పెరడనగా గోడ ప్రక్కన పదియడుగుల నేల మాత్రమే. ఎదుటి మేడ కిటికీనుండి మఱుగు కావలెనని యతడు కోరుట న్యాయమే. ఆ మఱుగు తక్షణమే కావలెననుటయందే చిక్కున్నది.

ఈ తొందర మూలముననే కోనోకార్పస్ అను విదేశపు మొక్క మన తోటలలో ప్రవేశించినది. అది రెండు మూడేండ్లలో పచ్చని గోడవలె లేచును. కాని దాని పుప్పొడి శ్వాసవ్యాధులకు కారణమగుననియు, వేళ్లు నీటిగొట్టములను పాడుచేయుననియు చెప్పి గుజరాతు ప్రభుత్వము 2023లో దానిని నాటుటను నిషేధించెను. ఈ హెచ్చరికను మన గృహస్థులును గమనింపవలయును.

అట్లని దేశీయమైన ప్రతి వృక్షమును చిన్న పెరటికి తగదు. రావి, మఱ్ఱి గోడలను చీల్చును. వేప, కానుగ నీడకు దొడ్డవే. కాని వాని విస్తారమునకు పొలముగట్టు, రాజమార్గము తగిన తావులు. జనులు అశోకమని పొరపడు నరమామిడి సన్నగా, నిటారుగా పెరిగి ఇఱుకుచోట నిముడును. అయితే అది మేడలను మించి పోవును. మనకు కావలసినది పండ్రెండడుగుల మఱుగే.

కావున పొగడయే శ్రేష్ఠమని మా యభిప్రాయము. ఏడాది పొడుగున ఆకు రాల్చి బోడి కాదు. కొమ్మలు దట్టము, కత్తిరింపునకు చక్కగా లొంగును. వేకువను రాలు చిన్న పూవులు ఎండినను పరిమళము విడువవు. పండ్లు పక్షుల కాహారము. దీని నడక మెల్లనిదని కొందఱు వెనుదీయుదురు. ఆ మెల్లదనమే చిన్న పెరటికి మేలు: చెట్టు యజమానుని చెప్పుచేతలలో నుండును, పొరుగువాని వెలుతురును హరింపదు.

గోడకు ఆఱడుగుల దూరమున తొలకరిలో నాటి, మొదటి రెండు వేసవులు నీరు పోయవలయును. అడుగు కొమ్మలను నఱకరాదు. కోరిన యెత్తు రాగానే తల త్రుంచవలయును. అంతవఱకు మఱుగునకు వెదురు తడికపై సన్నజాజిని ప్రాకించిన చాలును. తడిక జీర్ణించునాటికి పొగడ దాని పని నందుకొనును.