బంధువులు లేని సమాధులు

గిల్బోవ కొండ మీద సౌలు రాజు చనిపోయాక ఫిలిష్తీయులు అతని మొండేన్ని బేత్షాను గోడకు తగిలించారు. ఇశ్రాయేలీయులు ఊళ్లు విడిచి పారిపోతున్నారు. అలాంటి సమయంలో యాబేష్గిలాదు వాళ్లు రాత్రంతా నడిచి వెళ్లి, సౌలు శవాన్నీ అతని కుమారుల శవాలనూ దించి తెచ్చారు. వారి ఎముకలను తమ ఊళ్లో ఒక చెట్టు కింద పాతిపెట్టి ఏడు రోజులు ఉపవాసమున్నారు (1 సమూయేలు 31). సౌలు వాళ్లకు చుట్టం కాడు. కానీ ఎన్నో ఏళ్ల క్రితం నాహాషు వాళ్ల కుడికళ్లు పెరికేస్తానని బెదిరించినప్పుడు ఆదుకున్నది అతనే. ఆ తర్వాత సౌలు ఎంత దారి తప్పినా వాళ్లు ఆ మేలు మరువలేదు.

నవంబరు 2న సమాధుల పండుగకు మన కుటుంబాలన్నీ తోటకు వెళ్తాయి. అమ్మ సమాధికి, తాతయ్య సమాధికి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. చనిపోయినవారి కోసం ప్రార్థించడం మన విశ్వాసం కాదు గనుక ఇదంతా ఎందుకని అడిగేవాళ్లూ మన సంఘాల్లో ఉన్నారు. అడగాల్సిన ప్రశ్నే. యాబేష్గిలాదు వాళ్లు మాత్రం సౌలు ఆత్మ కోసం నడవలేదు, అతనికి అప్పుపడ్డామని నడిచారు.

మనమూ అప్పుపడ్డాం. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. క్రాన్ 1809లోనూ డెస్ గ్రాంజెస్ 1810లోనూ ఈ నేల మీదే కన్నుమూశారు. వాళ్లు ఆనందరాయర్ సాయంతో తెలుగు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చయిన పుస్తకాన్ని ఇద్దరూ చూడలేదు. బందరులో బడి పెట్టిన రాబర్ట్ నోబుల్ పెళ్లి చేసుకోలేదు, 1865లో అక్కడే చనిపోయారు. ఇలాంటి వాళ్ల సమాధులకు సున్నం వేయడానికి ఏ మనవడు వస్తాడు?

ఈ మాట అనుకునే మా సంఘంలోని యువకులు, స్త్రీల సమాజం కలిసి కొన్నేళ్ల క్రితం మా ఊరి పాత సమాధుల తోటలో పని మొదలుపెట్టాం. వానలు వెనకబట్టేసరికి సర్కారు తుమ్మ నడుమెత్తు ఉండేది. పాములుంటాయని ముందు కర్రలతో పొదలు తట్టి, తర్వాత కత్తులు పట్టాం. నాలుగు శనివారాల్లో దారులు తేలాయి. అందరం చాలా సంతోషించాం. ఆ సంతోషంలోనే పెద్ద తప్పు చేశాం.

మూలన మూరెడు పొడవున్న ఒక పసిబిడ్డ సమాధి ఉంది. పలక మీద నాచు పట్టి ఉంటే యాసిడ్ పోసి ఇనుప బ్రష్షుతో రుద్దాం. నాచుతోపాటు రాతి పైపొర పెచ్చులుగా లేచిపోయింది. అడుగున నెల, సంవత్సరం మిగిలాయి, పేరు పోయింది. నూటయాభై ఏళ్ల ఎండావానా చేయలేని పనిని మేం అరగంటలో చేశాం. ఆ పేరును అంతకుముందు ఎవరమూ కాగితం మీద రాసుకోలేదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. ముందు ఫొటో, తర్వాత నోటుబుక్కు, ఆ తర్వాతే చీపురు. ఉదయం ఏటవాలు ఎండలో పక్క నుంచి అద్దంతో వెలుగు పడేస్తే, అరిగిపోయాయనుకున్న అక్షరాలు నీడలతో లేచి కనిపిస్తాయి. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. చెక్కిన అక్షరాల మీద సున్నం వేయం, ఎనామిల్ రంగు అసలు తాకనివ్వం. గోడలో మొలిచిన రావిమొక్కను పీకితే ఇటుకలు కూడా వస్తాయి కాబట్టి మొదలుకంటా కోస్తాం. పగుళ్లకు సిమెంటు వాడం, సున్నపు గచ్చే పెడతాం.

తోడు దొరకని పని కూడా కాదిది. జె.జె. కాటన్ మద్రాసు ప్రెసిడెన్సీలోని చారిత్రక సమాధుల మీది రాతలను సేకరించి 1905లో పుస్తకంగా ఇచ్చారు. బ్రిటన్‌లో 1976లో ఏర్పడిన బాక్సా అనే సంస్థ, స్థానికులు పూనుకుంటే పాత సమాధుల తోటలకు కొంత ఆర్థిక సాయం చేస్తుంది.

అయితే కాటన్ పుస్తకం పేరున్న వాళ్లది. మా తోటలో ఎక్కువ ఉన్నది పసిపిల్లలు, వాళ్ల వెనుకే వెళ్లిన తల్లులు. ఆనాటి సమాధి రిజిస్టర్ల నకళ్లను ఇక్కడి నుంచి లండన్‌కు పంపేవారు, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మా సంఘం అమ్మాయి ఒకామె అక్కడ ఉద్యోగం చేస్తోంది. పలక మీద మిగిలిన నెల, సంవత్సరం ఆమెకు రాసి పంపాం. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి వెతుకుతోంది. ఆ నెలలో ఇద్దరు పిల్లలు పోయారట, మా సమాధి ఎవరిదో ఇంకా తేలలేదు. నోటుబుక్కులో ఆ వరుసకు అంకె వేసి, పేరు రాసే చోటు ఖాళీగా ఉంచాం.