క్యాంపింగ్ ట్రైలర్ లాగడానికి ఏ బండి కొనాలి?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన మనవాళ్ళు అక్కడి క్యాంపింగ్ ట్రైలర్ల ముచ్చట చెబుతుంటారు. పడక, వంటగట్టు, బాత్రూము ఉన్న చిన్న ఇల్లు ట్రక్కు వెనుక తగిలించుకుని పోవడమే. బెంగళూరులోనూ అలాంటిది ఉంటే తిరుపతికో హార్స్‌లీ హిల్స్‌కో హాయిగా వెళ్ళొచ్చు కదా అనుకునేవారికి నాలుగు మాటలు.

అక్కడి ఫోర్డ్ ఎఫ్-150 లాంటివి ఇక్కడి షోరూముల్లో దొరకవు. మనకున్నవి ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ వంటి పికప్‌లు. హైలక్స్ మన బిడదిలోనే తయారవుతుంది. దాని 2.8 లీటర్ల డీజిల్ ఇంజినుకు ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్ల టార్క్, వి-క్రాస్ 1.9 లీటర్ల ఇంజినుకు 360. కానీ మేము ముందు చూడమనేది ఇంజిను కాదు, బరువు.

ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ ద్వారా బండి మీదే పడాలి. అంతకు తగ్గితే వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. ట్రైలర్ 1,500 కిలోలనుకోండి, బండి మీద పడేది 150 నుంచి 225 కిలోలు. నలుగురు పెద్దవాళ్ళు 280, సామాను 70. మొత్తం 500 దాటిపోయింది. బండి గరిష్ఠ బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలే అంకెలో ఇదంతా ఇమడాలి. అమ్మేవాళ్ళు చెప్పేది ఖాళీ ట్రైలర్ బరువు. 100 లీటర్ల నీళ్ళు పోస్తే 100 కిలోలు పెరుగుతుంది. సిలిండరు, గిన్నెలు వేరే. ఆ బండి ఎంత లాగగలదో కంపెనీ కాగితం మీద ఉందో లేదో కూడా అడగండి, సేల్స్‌మన్ నోటిమాట చాలదు.

ఇక దారి. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, తిరుపతి 160 దగ్గర. పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో దిగేటప్పుడు ట్రైలర్ బండిని వెనుక నుంచి తోస్తుంది. అందుకే సొంత బ్రేకులు లేని పెద్ద ట్రైలర్ వద్దేవద్దు. దిగేటప్పుడు తక్కువ గేరులోనే ఉండాలి. హార్స్‌లీ హిల్స్ మలుపుల్లోకైతే ట్రైలర్‌ను కింద మదనపల్లెలో వదిలి వెళ్ళడమే మేలు.

ట్రైలర్‌కు వేరే రిజిస్ట్రేషన్ కావాలి, దాని వెనుక బండి నంబరు కూడా కనబడాలి. ఇన్సూరెన్సు వాళ్ళకు ముందే చెప్పండి.

హైలక్స్ ఒక్కటే 5.3 మీటర్ల పొడవు. వెనుక ఇంకో ఆరు మీటర్లు తగిలించి మల్లేశ్వరం అడ్డరోడ్డులో తిప్పాలి మరి. అడ్వాన్సు ఇచ్చేముందు గేటు వెడల్పు టేపుతో కొలుచుకోండి.